పర్లాకిమిడి చిన్నబండా, కోరాపుట్ గూడ్సా: మీ ఇంటి బల్ల మీదికి ఏ మోడల్ రైలు పట్టా మంచిది?

ఆదివారం సాయంత్రం నాలుగు దాటిందంటే పర్లాకిమిడిలో మా ఇంటి వసారా నిండా రైళ్ల మాటలే. రాయగడ నుంచి మా బావ వస్తాడు. గార్డుగా చేసి రిటైరైన బాబాయి పక్క వీధిలోనే ఉంటారు. గుణుపురంలో ఇంజనీరింగ్ చదివే మేనల్లుడు సెలవు దొరికితే చాలు, బండెక్కి దిగిపోతాడు. మాట ఎక్కడ మొదలైనా టీ గ్లాసులు ఖాళీ అయ్యేసరికి ఒక్కచోటికే వస్తుంది. ఇంట్లో చిన్న రైలు లేఅవుట్ కట్టుకోవాలంటే ఏ స్కేలు కొనాలి?

ఈ మధ్య తెలిసినవాళ్లు కూడా ఇదే అడుగుతున్నారు. ఒకాయనకి పిల్లల కోసం కావాలి, ఇంకొకాయనకి రిటైరయ్యాక కాలక్షేపం కావాలి. అందరికీ ఒకే జవాబు సరిపోదు. అందుకే మా నలుగురి మధ్య నడిచిన వాదాలు, చేసి చూసిన పనులు కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నా సలహా ముందే చెప్పేస్తాను. స్కేలు గురించి తర్వాత ఆలోచించండి, ముందు పట్టా ఎంచుకోండి. బజారులో సులువుగా దొరికే పట్టాలు రెండే రకాలు. ఒకదానిలో రెండు కమ్మీల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు, రెండోదానిలో 9 మిల్లీమీటర్లు. మొదటిది హెచ్‌ఓ స్కేలుకి తయారైంది, అంటే అసలు రైలులో 87వ వంతు. రెండోది ఎన్ స్కేలుకి, అంటే 160వ వంతు. చాలామంది ఇక్కడితో ఆగిపోయి పెద్దదా చిన్నదా అని కొట్టుకుంటారు. మన జిల్లాల వాళ్లకి ఇందులో ఇంకో దారి ఉంది. అది మా మేనల్లుడు ఒక సాయంత్రం ఫోనులో లెక్కలు వేస్తుంటే బయటపడింది.

అసలు రైలు పట్టాలో కమ్మీల మధ్య దూరాన్ని గేజ్ అంటారు. మన బ్రాడ్‌గేజ్ వెడల్పు 1676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19.3 వస్తుంది. కానీ హెచ్‌ఓ పట్టా 16.5 మాత్రమే, ఎందుకంటే అది యూరప్, అమెరికాల్లో వాడే 1435 మిల్లీమీటర్ల గేజ్‌కి లెక్కకట్టి చేసినది. అంటే మన డబ్ల్యూఏపీ-7 కరెంటు ఇంజన్‌ని హెచ్‌ఓలో చేసి పట్టా మీద పెడితే కింద దాదాపు 3 మిల్లీమీటర్లు ఇరుకుగా ఉంటుంది. ఎదురుగా నిలబడి చూస్తే వెడల్పాటి మనిషి కాళ్లు దగ్గరగా పెట్టుకున్నట్టు కనిపిస్తుంది. ఎన్ స్కేలులో 10.5 ఉండాలి, ఉన్నది 9. అక్కడా ఒకటిన్నర మిల్లీమీటరు తక్కువే. మన దేశపు బ్రాడ్‌గేజ్ మోడల్స్ చేసేవాళ్లలో ఎక్కువమంది ఈ తేడాతో సర్దుకుపోతారు. నేనూ సర్దుకుంటాను.

ఇప్పుడు మన చిన్నబండి సంగతి చూడండి. నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా ఇక్కడి రాజావారు వేయించిన లైటు రైల్వే 1900లో మొదలైంది, సుమారు 40 కిలోమీటర్లు. 1931 నాటికి గుణుపురం దాకా సాగి 90 కిలోమీటర్లయింది. దాని గేజ్ రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 8.76. పక్కన 9 మిల్లీమీటర్ల పట్టా పెట్టండి. తేడా పావు మిల్లీమీటరు! అదే 762ని 48తో భాగిస్తే 15.9, దానికి 16.5 పట్టా దగ్గర పడుతుంది.

ఈ లెక్క వినగానే బాబాయి గ్లాసు పక్కన పెట్టేశారు. "అంటే ఏటిరా, పెద్దబండి కన్నా మన చిన్నబండే లెక్కకి సరిగ్గా కూర్చుంటోందా?" అన్నారు. అవును, అంతే.

కాబట్టి ఒక్కో పట్టా మీద రెండేసి రైల్వేలు నడుస్తాయి. 9 మిల్లీమీటర్ల పట్టా మీద ఎన్ స్కేలులో కోరాపుట్ ఘాట్ ఎక్కే ఖనిజం గూడ్సు నడపవచ్చు, లేదా 87వ వంతులో పర్లాకిమిడి చిన్నబండి నడపవచ్చు. ఈ రెండో పద్ధతికి హెచ్‌ఓఈ అని పేరు. 16.5 పట్టా మీద హెచ్‌ఓలో బ్రాడ్‌గేజ్ ఎక్స్‌ప్రెస్ నడుస్తుంది, లేదా 48వ వంతులో అదే చిన్నబండి ఇంకా పెద్దదిగా నడుస్తుంది. దీన్ని ఓఎన్30 అంటారు, 30 అంటే 30 అంగుళాల గేజ్. పట్టా, కంట్రోలరు, పాయింట్లు (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్లించే పట్టా ముక్కలు) అవే ఉంటాయి, పైన పెట్టె మారుతుంది. ఈరోజు ఒకటి కొని రేపు మనసు మారినా డబ్బు మొత్తం పోదన్నమాట.

ఇక చోటు సంగతి. మా బావకి పొడుగాటి గూడ్సంటే ప్రాణం. కొత్తవలస–కిరండూల్ లైనులో బైలడిలా నుంచి విశాఖపట్నం వైపు వెళ్లే ఖనిజం రేకులు, అంటే ఒకే బండిగా కట్టిన వ్యాగన్ల వరసలు, చూసి పెరిగినవాడు. అలాంటి సరుకు మోసే బాక్స్‌ఎన్ రకం వ్యాగన్ పొడవు 10.7 మీటర్లు, రేకుకి 58 వ్యాగన్లు. మొత్తం రేకుని హెచ్‌ఓలో చేస్తే ఇంజన్లు కాకుండానే 7 మీటర్లు దాటుతుంది. రాయగడలో అద్దె ఇంటి హాలు ఎంత ఉంటుంది? ఎన్ స్కేలులో చేసినా దాదాపు 4 మీటర్లు. అందుకని బావ 20 వ్యాగన్లు, ముందు రెండు ఇంజన్లతో సరిపెట్టుకున్నాడు. ఎన్‌లో అది మీటరున్నర పైచిలుకు వస్తుంది. కొండ చాటు నుంచి వచ్చి మళ్లీ కొండ చాటుకి పోతుంటే 20 అని ఎవరూ లెక్కపెట్టరు. ఆ రేకు తోక ఇంకా సొరంగంలో ఉండగానే ముందు ఇంజన్ వంతెన మీదికి రావడం చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ప్యాసింజర్ బండి కావాలన్నా ఇదే లెక్క. ఎక్స్‌ప్రెస్‌లకి వేసే కొత్త రకం ఎల్‌హెచ్‌బీ బోగీ సుమారు 24 మీటర్లు. 22 బోగీల ఎక్స్‌ప్రెస్ హెచ్‌ఓలో 6 మీటర్లు, ఎన్‌లో 3.3 మీటర్లు.

పొడవు కన్నా అసలు తంటా వంపుల దగ్గర వస్తుంది. కొత్తవాళ్లు దీన్ని పట్టించుకోరు, తర్వాత బాధపడతారు. వంపు వ్యాసార్థం బోగీ పొడవుకి కనీసం రెండు రెట్లు ఉంటేగానీ బండి తిరగదు, మూడు రెట్లు ఉంటే చూడముచ్చటగా తిరుగుతుంది. హెచ్‌ఓ బోగీ 27 సెంటీమీటర్లకి పైనే ఉంటుంది కాబట్టి మూడు రెట్లంటే 81 సెంటీమీటర్లు. చుట్టు తిప్పాలంటే బల్ల ఐదున్నర అడుగుల వెడల్పు కావాలి. అంత బల్ల మధ్యలో బండి పడితే చెయ్యి అందదు. సెట్లలో వచ్చే 18 అంగుళాల వంపు మీద ఈ పొడుగాటి బోగీలు పెడితే మూలలు ఒకదానికొకటి తగులుతాయి, లేదా బయటికి వేలాడతాయి. ఎన్‌లో మూడు రెట్లంటే 45 సెంటీమీటర్లు, అంటే మూడు అడుగుల పైచిలుకు వెడల్పు సరిపోతుంది. కొంచెం సర్దుకుంటే మోడల్ రైళ్లు చేసే కాటో కంపెనీ వాళ్ల 315 మిల్లీమీటర్ల వంపు మీద కూడా బాగానే తిరుగుతాయి.

చిన్నబండికి ఈ బాధే లేదు. పెట్టెలు పొట్టివి, ఇంజన్ ఇంకా పొట్టిది. నా బల్ల మీద ఇంజనూ నాలుగు పెట్టెలూ కలిపి 60 సెంటీమీటర్లు దాటవు. 25 సెంటీమీటర్ల వంపు చాలు. అంటే రెండడుగుల వెడల్పులో గుండ్రంగా తిరిగి వచ్చేస్తుంది. పైగా మనుషులు, ఇళ్లు, చింతచెట్లు 87వ వంతులో కంటికి ఆనే సైజులో ఉంటాయి. ఎన్‌లో మనిషి బొమ్మ సెంటీమీటరు పైన కొంచెం ఉంటుంది, దానికి రంగు వేయాలంటే భూతద్దం కావాలి. గుణుపురం వైపు నుంచి చింతపండు బుట్టలతో దిగే సవర ఆడవాళ్లని ప్లాట్‌ఫారం మీద పెట్టాలని నా కోరిక. 87వ వంతులో ఆ బుట్ట చేశాను. కొబ్బరి పీచులోంచి ఒక్కో పోగు లాగి, అగ్గిపుల్ల చివరకి చుట్టి, జిగురు ఆరాక జారదీస్తే బుట్టయింది. ఎన్‌లో అది నా వేళ్లకి సాధ్యం కాదు.

చిన్నబండికి ఉన్న కష్టం కూడా చెప్పాలి. ఆ బండి రెడీమేడ్‌గా దొరకదు, మనమే చేసుకోవాలి. కాటో వాళ్ల చిన్న మోటారు చాసిస్, అంటే మోటారు, చక్రాలు ఉండే కింది భాగం, ఒకటి కొని, పైన తొడుగు మనం తయారు చేసుకోవడమే దారి. మేనల్లుడు కంప్యూటర్లో గీసి త్రీడీ ప్రింటు తీస్తాడు. నేను పాత ఫొటోలు ముందేసుకుని ప్లాస్టిక్ షీటు కోసి అతికిస్తాను. నా మొదటి పెట్టె కిటికీలన్నీ సమంగా కోయడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఓపిక లేనివాళ్లు, వచ్చే ఆదివారానికే బండి తిరగాలనుకునేవాళ్లు ఇటు రావద్దు. వాళ్లకి ఎన్ లేదా హెచ్‌ఓ సెట్టే నయం. పెట్టె విప్పి, పట్టాలు తగిలించి, ప్లగ్ పెడితే తిరుగుతుంది.

ఇంకోటి. ఎన్ పట్టా స్లీపర్లు, అంటే కమ్మీల కింద ఉండే అడ్డదిమ్మెలు, సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. 87వ వంతు బండి కింద అవి దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. మోడల్ పట్టాలు చేసే పెకో కంపెనీ వాళ్లు చిన్న గేజ్ కోసమే స్లీపర్లు దూరంగా ఉండే 9 మిల్లీమీటర్ల పట్టా చేస్తున్నారు, కానీ ఖరీదు. నేను మామూలు ఎన్ పట్టానే వేసి స్లీపర్లు మునిగేదాకా మట్టి, గడ్డి కప్పేశాను. చిన్న లైన్ల మీద గడ్డి మొలవడం మామూలే కాబట్టి కప్పినట్టే అనిపించదు. బాబాయి చూసి, "నౌపడ దాటాక ఇలాగే ఉండేది" అన్నారు. ఆ మాట నాకు చాలు.

కంట్రోల్ విషయంలో రెండు దారులున్నాయి. డీసీ అంటే పాత పద్ధతి. కంట్రోలరు నాబ్ తిప్పితే పట్టాలో సున్నా నుంచి 12 వోల్టుల దాకా కరెంటు పెరుగుతుంది, బండి వేగం పెరుగుతుంది. ఒకే పట్టా మీద రెండు ఇంజన్లు పెడితే రెండూ కదులుతాయి. డీసీసీలో పట్టాలో ఎప్పుడూ ఒకే వోల్టేజి ఉంటుంది, దాంతోపాటే డిజిటల్ ఆదేశాలు వెళ్తాయి. ఇంజన్‌లో ఉన్న డీకోడర్ తన నంబరుకి వచ్చిన ఆదేశం మాత్రమే వింటుంది. ఒకే లైన్లో రెండు బండ్లు విడివిడిగా నడపవచ్చు, లైట్లు, హారన్ కూడా వస్తాయి.

ఈ విషయం మీద మేనల్లుడికీ నాకూ వాదన ఎప్పుడూ ఉంటుంది. వాడిది డీసీసీ పక్షం. ఆర్డుయినో మెగా అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు, దాని మీద పెట్టే మోటార్ షీల్డు కొని, డీసీసీ-ఈఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి, కంపెనీ సిస్టమ్ ధరలో చిన్న భాగానికే కంట్రోలరు తయారు చేశాడు. దాన్ని ఫోను నుంచే నడుపుతాడు. బావ గూడ్సుకి అదే సరైనది. ముందు రెండు ఇంజన్లు ఒకే వేగంతో లాగాలంటే డీసీలో ఒకటి తోస్తుంది, ఇంకొకటి గుంజుతుంది. డీసీసీలో రెండింటి వేగాలు సరిచేసి, ఒకే నంబరు మీద జత కట్టవచ్చు.

నా చిన్నబండికి మాత్రం డీసీయే. లైనులో తిరిగేది ఒకటే బండి. క్రాసింగ్ కావాలంటే పాయింటు ఎటు తిరిగితే ఆ లైనుకే కరెంటు వెళ్లే రకం పాయింటు వేస్తే లూప్‌లో, అంటే పక్క లైనులో, ఉన్న బండి ఆగిపోతుంది, మెయిన్‌లో బండి వెళ్లిపోతుంది. పెకో ఇన్సుల్‌ఫ్రాగ్ పాయింట్లు అలా పనిచేస్తాయి. పైగా ఇంత చిన్న ఇంజన్‌లో డీకోడర్ దూర్చడానికి చోటుండదు. ఒక జాగ్రత్త. డీకోడర్ లేని ఇంజన్‌ని డీసీసీ పట్టా మీద వదిలేయకండి. అది గుయ్యిమని మోగుతూ మోటారు వేడెక్కుతుంది, కాలిపోయే ప్రమాదం కూడా ఉంది.

బల్ల గురించి నేను నష్టపోయి నేర్చుకున్నది చెప్తాను. మొదటిసారి పల్చటి ప్లైవుడ్ మీద పట్టా పరిచి, కమ్మీల మధ్య సందు లేకుండా బిగించి మేకులు కొట్టాను. జూలైలో ముసురు పట్టి పది రోజులు వదల్లేదు. చెక్క తేమ పీల్చి మధ్యలో పొంగింది. వంపు దగ్గర కమ్మీ పాములా మెలితిరిగింది, బండి అక్కడికి వచ్చిన ప్రతిసారీ పడిపోయింది. మూడు నెలల పని మొత్తం పీకేశాను. చాలామంది ఎండకి కమ్మీ సాగి ఇలా అవుతుందనుకుంటారు. 3 మీటర్ల కమ్మీ 20 డిగ్రీల వేడి పెరిగితే సుమారు 1 మిల్లీమీటరు సాగుతుంది, అంతే. అసలు ఆటంతా చెక్కది.

ఇప్పుడు వాడుతున్నది ఫ్లష్ డోర్, అదే బాత్రూముకి, బెడ్‌రూముకి పెట్టే చదును తలుపు. వడ్రంగి దగ్గర రెండున్నర అడుగుల తలుపు తీసుకున్నాను. రెండు వైపులా, అంచులకి కూడా ప్రైమరు కొట్టాను. ఒక్క వైపే కొడితే రెండో వైపు తేమ పీల్చి వంగిపోతుంది. మూడు వానాకాలాలు గడిచాయి, పూచికపుల్లంత కూడా వంగలేదు. అతిథులొస్తే గోడకి నిలబెట్టేస్తాను. ట్రాన్స్‌ఫర్ల ఉద్యోగం ఉన్నవాళ్లకి దీన్ని మించింది లేదు, 9 మిల్లీమీటర్ల పట్టాకి కొలిచి చేసినట్టు సరిపోతుంది. హెచ్‌ఓ కావాలంటే ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటు, కింద చెక్క ఫ్రేము తప్పవు. లేదంటే గుండ్రంగా తిప్పకుండా గోడ వెంట అడుగు వెడల్పు అరమీద ఒక స్టేషన్ కట్టి అటూ ఇటూ షంటింగ్ చేసుకోవచ్చు.

కంకరకి ఇసుక వాడేవాళ్లు ఒక్క పని చేయండి. నాగావళి ఇసుకైనా, సముద్రపు ఇసుకైనా ఆరబెట్టి పళ్లెంలో పరిచి, అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి మీద తిప్పండి. నల్లటి రేణువులు మీసాల్లా అంటుకుని వస్తాయి. వాటిని తీయకుండా పట్టా మధ్య పోస్తే ఇంజన్ మోటారులోని అయస్కాంతం వాటిని లాక్కుంటుంది, గేర్లు అరిగిపోతాయి. బావ వ్యాగన్లలో నిజం ఖనిజం పొడి పోస్తానని పట్టుబట్టాడు. ఇటుక పొడికి రంగు కలిపి ఇచ్చి ఎలాగో ఒప్పించాం. వాడిన టీపొడి ఆరబెట్టి చల్లితే అడవి నేలలా బాగుంటుంది కానీ బాగా వేయించి తేమ పోగొట్టకపోతే వానాకాలంలో బూజు పడుతుంది.

కొనేటప్పుడు సెట్టులో ఎన్ని బోగీలున్నాయో చూసి మురిసిపోకండి, ఇంజన్ ఎలాంటిదో చూడండి. అన్ని చక్రాలూ కరెంటు తీసుకునే ఇంజన్ మెల్లగా నడిచినా ఆగదు. ఒకసారి దూరం ఊరి అమ్మకందారు దగ్గర తెప్పిస్తే బోగీలని తగిలించే కప్లింగులు విరిగి వచ్చాయి, మార్చి ఇవ్వడానికి రెండు నెలలు తిప్పారు. అప్పటినుంచి పెట్టె విప్పడం దగ్గర నుంచి వీడియో తీస్తున్నాను. కొనేముందు తిరిగే లేఅవుట్ కళ్లారా చూడాలనుకునేవాళ్లు పుణె వెళ్లినప్పుడు జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియం చూడండి. అది హెచ్‌ఓ స్కేలు. ఆ సైజు మీ ఇంట్లో పడుతుందో లేదో అక్కడే తేలిపోతుంది.

ఎవరికి ఏది అంటే నేనిలా చెప్తాను. ఇంట్లో ఎనిమిదేళ్ల లోపు పిల్లలుంటే హెచ్‌ఓ. వాళ్ల చేతులకి ఎన్ చక్రాలు పట్టా మీద పెట్టడం రాదు, విసుగొచ్చి వదిలేస్తారు. పొడుగాటి గూడ్సు, ఘాట్, సొరంగాలు కావాలంటే ఎన్, మొదట డీసీతో మొదలుపెట్టి రెండో ఇంజన్ కొన్నాక డీసీసీ. చోటు తక్కువ, ఓపిక ఎక్కువ, చేత్తో చేయడం ఇష్టం ఉంటే 9 మిల్లీమీటర్ల మీద చిన్నబండి. మన పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వాళ్లకి నేను మనసారా చెప్పేది ఇదే. 2004లో ఆ లైను ఆగిపోయింది, బ్రాడ్‌గేజ్ అయి 2011లో గుణుపురం దాకా మళ్లీ తెరిచారు. పెద్దబండి రావడం మంచిదే, కాదనను. కానీ ఆ చిన్నబండి ఎక్కినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. పెట్టెలో బల్లలు ఎటువైపు ఉండేవి, గార్డు ఎక్కడ నిలబడేవాడు, ఏ స్టేషన్ దగ్గర బావి ఉండేది అనేవి వాళ్లని అడిగి చేయగలిగేది ఇప్పుడే.

బాబాయి విషయం మిగిలింది. ఆయనకి డెబ్బై దాటాయి, కంటి ఆపరేషన్ అయింది, వేళ్లు కొద్దిగా వణుకుతాయి. నేను చేసిన పెట్టె చేతిలోకి తీసుకుని, కిటికీలు కనపడక తడుముకుంటూ చూశారు. ఆయనకి ఓఎన్30 మంచిదని నలుగురం తేల్చాం. హెచ్‌ఓ పట్టా, హెచ్‌ఓ చాసిస్, పైన 48వ వంతు పెట్టె. మనిషి బొమ్మ మూడున్నర సెంటీమీటర్లు ఉంటుంది. పోయిన ఆదివారం మేనల్లుడు ఆ సైజులో గార్డు పెట్టె ఒకటి ప్రింటు తీసి తెచ్చాడు. బాబాయి దాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసి, తలుపు పక్క పిడి ఇంకో నాలుగు వేళ్లు కిందికి ఉండాలన్నారు. వాడు వెంటనే ఫోను తీసి కొలత రాసుకున్నాడు.